వల పోగుల గచ్చు

పోయిన నెల సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారుకి నేల గచ్చు పోయిస్తున్నాం. ఉక్కకీ సిమెంటు దుమ్ముకీ నాకు ముందే చిరాగ్గా ఉంది. అంతలో టై కట్టుకున్న సేల్స్ మనిషి ఒకతను వచ్చి, సంచిలోంచి పాకెట్టు తీసి చింపి, తెల్లటి ప్లాస్టిక్ పోగులు గుప్పెడు నా అరచేతిలో పోశాడు.

"సింథటిక్ ఫైబరండీ. కాంక్రీటులో కలిపేస్తే చాలు, నేల గచ్చులకి ఇనుమే అక్కర్లేదు. జన్మలో తుప్పు పట్టదు. ఇలాంటిది ఇదివరకెప్పుడైనా చూశారా సార్?" అన్నాడు.

"లేదు" అన్నాను.

ఛీ, ఎంత సులువుగా వచ్చేసింది ఆ మాట! ఇప్పుడైనా నిజం చెబితే నా సొమ్మేం పోయింది? అతను వెళ్ళిపోయాక చూసుకుంటే, ఆ పోగుల్ని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దుతున్నాను. కాంక్రీటులో వేసే ముందు అలా రుద్ది విడదీయాలని నాకు నేర్పిన మనిషి వేరే ఉన్నాడు. ఇక పని మీద మనసు నిలవలేదు. స్కూటరు తీసి ఆటోనగర్ వెళ్ళాను. మేమిద్దరం కలిసి పనిచేసిన యార్డు ఇప్పుడు లారీల షెడ్డు. ఎదురుగా టీ కొట్టు మాత్రం ఉంది.

"మన మేస్త్రి ఎక్కడుంటున్నాడు?" అని అడిగాను.

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఇంకెక్కడి మేస్త్రి బావూ! ఉగాదికి ముందే పోయాడు. గుండెల్లో నొప్పన్నాడు, ఆసుపత్రికి తీసికెల్లేలోపే అయిపోనాది."

టీ తాగకుండానే వచ్చేశాను. అప్పట్నించీ ఒక చోట కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలీదు. కాళ్ళకి చక్రాలు కట్టుకున్నారా అని మా ఆవిడ విసుక్కుంటోంది. అతని పేరు ఇక్కడ రాయను. ఆ పేరుకి నేను చేసింది చాలు.

అసలు కుదురులేని మనిషంటే అతనే. ఆ యార్డులో మేం కాలువ మూతలు, గోడ పలకలు పోసేవాళ్ళం. నేను డిప్లొమా చేతపట్టుకుని అప్పుడే వచ్చిన సైట్ ఇంజినీర్ని. అతను మేస్త్రి, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. వేట మీద బతికే పేటలో పుట్టి, సముద్రం వదిలి తాపీ పట్టినవాడు. నిలబడితే ఒంటికాలి మీద, కూర్చుంటే గొంతుక్కూర్చుని, అదీ రెండు నిమిషాలు. అన్నం కూడా క్యారియరు గిన్నె చేత్తో పట్టుకుని కాంక్రీటు కలిపే మిల్లరు చుట్టూ తిరుగుతూ తినేవాడు. ఒక చోట కూర్చుని తినొచ్చు కదా మేస్త్రీ అంటే, "పడవ మీద ఎవుడు కుదురుగా కూసుంటాడు బావూ" అనేవాడు. పడవ దిగి పాతికేళ్ళయిందయ్యా మహానుభావా అని గుర్తుచేసినా లాభం లేదు.

ఇసక లారీ గేటు దాటిందంటే పరిగెత్తుకెళ్ళి చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవాడు. కాసేపు కళ్ళు మూసుకుని, తుపుక్కున ఉమ్మి, "ఉప్పు. తీసికెల్లిపో" అనేవాడు డ్రైవరుతో. డ్రైవరు లబోదిబోమన్నా వినడు. నీళ్ళ ట్యాంకరొచ్చినా అంతే. మొదట్లో నేను నవ్వుకున్నాను. ఒకసారి పంతం పట్టి ఆ ఇసకనే పరీక్షకి పంపించాను. చివరికి అతని నాలుకే నెగ్గింది. రిపోర్టు చదివి వినిపిస్తే నా భుజం తట్టి, "ఉప్పున్న కాడ ఇనుం బతకదు బావూ. పుట్టిన కాడ్నించీ సూత్తన్నాను. దీనికి కాయితమెందుకు?" అన్నాడు.

మా ఊళ్ళో ఇనుము గురించి అలా మాట్లాడటం చిన్న విషయం కాదు. ఎటు చూసినా ఉక్కు మీద బతికేవాళ్ళే. స్టీల్ ప్లాంటులో అటెండరు పనైనా దొరికితే వీధంతా స్వీట్లు పంచుకునే ఊరు. అలాంటి చోట ఇతను ఇనుము లేని కాంక్రీటు పోస్తానని తిరిగేవాడు.

అతని పద్ధతి ఇదీ. రేవులో చిరిగిపోయి పారేసిన బోటు వలలుంటాయి కదా, ఆకుపచ్చవి, దళసరిగా గరుకుగా ఉండేవి, వాటిని మూటలు కట్టి తెచ్చేవాడు. వాళ్ళావిడ చేపలు కోసే పాత కత్తిపీట ఒకటి యార్డులో పెట్టుకున్నాడు. దాన్ని కాలితో తొక్కిపట్టి వలని బొటనవేలంత ముక్కలుగా కోసేవాడు. ముడి వచ్చిన ముక్క పక్కన పడేసేవాడు, ముడి ఉంటే కాంక్రీటులో ఉండ కడుతుందట. మిగతావి అరచేతుల్లో రుద్ది పోగులు విడదీసి, తిరుగుతున్న మిల్లర్లోకి అక్షింతలు చల్లినట్టు కొంచెం కొంచెం చల్లేవాడు. ఎవరైనా తట్టెడూ ఒక్కసారే గుమ్మరించారో, ఇక ఆ రోజు వాళ్ళకి మూడినట్టే.

యార్డులోకి ఎవరొచ్చినా ఒక తమాషా చూపించకుండా వదిలేవాడు కాదు. రెండు పలకలు పక్కపక్కన పెట్టేవాడు. ఒకటి మామూలుది, ఒకటి వల పోగులది. సుత్తితో చెరొక దెబ్బ. మామూలు పలక టక్కున రెండు ముక్కలయ్యేది. పోగుల పలక అడ్డంగా బీట వారేది, అంతే. దాన్ని ఒక చివర పట్టుకుని పైకెత్తి తడిగుడ్డ దులిపినట్టు దులిపేవాడు. కింది ముక్క పోగుల మీద వేలాడేది గానీ ఊడేది కాదు.

"ఇరిగినా ఇడిపోదు!" అని అరిచేవాడు, ఆ మాట గేటు బయటికి వినపడాలన్నట్టు.

పోస్టుమాన్‌కి చూపించాడు. టీ కొట్టాయనకి చూపించాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించాడు. నాకైతే ఎన్నిసార్లు చూపించాడో లెక్కే లేదు. పోనీ మొండివాడా అంటే కాదు. "బీముకొద్దు, మిద్దెకొద్దు. గాల్లో నిలబడేదానికి ఇనుం ఉండాల్సిందే. నేల మీద తొంగునేదానికి ఎందుకు బావూ? నేలే మోత్తాది కదా" అనేవాడు. ఈ ముక్కే తర్వాతెప్పుడో ఇంజినీర్ల మీటింగులో ఒక ప్రొఫెసరు గంటన్నర చెప్పాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఇదంతా పిచ్చి అని యార్డులో అనేవాళ్ళు. నేనూ అన్నాను. కానీ దీని వెనక వాళ్ళావిడ కాలు ఉంది. వాళ్ళ పేటలో ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే పాత గచ్చు ఒకటి ఉండేది. ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు లేచిపోయి, ఊచలు ముళ్ళలా పైకి పొడుచుకొచ్చాయి. ఆడవాళ్ళు వాటి మధ్యనే ఉత్త కాళ్ళతో తిరుగుతూ నెత్తళ్ళ చేపలు ఆరబోసుకునేవాళ్ళు. ఆవిడ కాల్లో ఊచ దిగింది. చీముపట్టి రెండు వేళ్ళు తీసేయాల్సొచ్చింది.

"సంద్రం మా అయ్యని తీసికెల్లిపోనాది, దాన్నేటీ అన్లేదు నాను" అన్నాడొకసారి. "ఈ ఊస మీద మాత్రం కోపం తీరట్లేదు బావూ."

తొంభైల మధ్యలో ఆ గచ్చు తవ్వేసి కొత్తది పోసే పని మా కాంట్రాక్టరుకే వచ్చింది. మేస్త్రి కాళ్ళు నేల మీద లేవు. సుత్తీ పలకలూ గోనెసంచిలో వేసుకుని పేటకి వెళ్ళి, అందర్నీ కూర్చోబెట్టి తమాషా చూపించి ఒప్పించాడు. ఊచలుండవు, వల పోగులే. మళ్ళీ ఎవరి కాలూ తెగదు. కాంట్రాక్టరు గడుసువాడు. "ఇంజినీరు సంతకం పెడితే నాదేముంది" అన్నాడు. అంటే పగిలితే నా మెడకి చుట్టుకుంటుంది. నాకు అప్పుడే పెళ్ళి కుదిరింది. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా వల ముక్కలు లేవు.

పని మొదలయ్యే ముందు మేస్త్రి ఒక వల ముక్క తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. నేను మొహం తిప్పుకున్నాను. తనే నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏళ్ళకేళ్ళు సంద్రంలో నానిన వల బావూ ఇది. ఎంత కడిగినా ఉప్పు పోదు. ఉప్పుంటే పోగుకేటీ అవ్వదు. ఊసకి మాత్రం ఇసం. అందుకే సెప్తన్నాను. ఎడితే ఊసలెట్టు, లేదంటే వలెట్టు. రెండూ ఒక్క గచ్చులో ఎట్టకు. ఇనపడిందేటి?"

"వినపడింది" అన్నాను.

వినపడకేం? చెవులు బాగానే ఉన్నాయి.

ఊరివైపు సగం మొదటిరోజు పోశాం. మేస్త్రి దగ్గరుండి, మిల్లరు దగ్గరికొకసారి గచ్చు మీదికొకసారి పరుగులు పెడుతూ పోయించాడు. మర్నాడు సముద్రం వైపు సగం పోయాలి. ఆ రోజు అతనికి జ్వరం, లేవలేకపోయాడు. వల ముక్కలు కోసి సిద్ధం చేసి సంచులతో పంపించాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. అప్పటికే రెండు రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు. సంతకం నాది, ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. పగలు పేటలో మగవాళ్ళు వేటకీ ఆడవాళ్ళు చేపలమ్మడానికీ పోతారు, చూసేవాళ్ళు లేరు. చివరికి యార్డు నుంచి సన్నటి ఊచలు తెప్పించి పరిపించాను. పైన అతని పోగుల కాంక్రీటే పోయించాను. దేవుడికి కొబ్బరికాయ కొట్టి, డాక్టరు దగ్గరికీ వెళ్ళినట్టు, రెండూ ఉంటే మంచిదేగా అనుకున్నాను. పనివాళ్ళు ఎక్కడో మన్యం వైపు నుంచి వచ్చినవాళ్ళు, వారం తిరక్కుండా వెళ్ళిపోయారు. మేస్త్రికి రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నాలుగేళ్ళు గడిపేశాను.

ఆ నాలుగేళ్ళూ అతని హడావుడి చూడాలి. ఆదివారమైతే చాలు, చెప్పులు విడిచి గచ్చంతా ఈ చివర్నించి ఆ చివరికి నడిచేవాడు. వాళ్ళావిడని నడిపించేవాడు. "ఓలమ్మ, కాళ్ళు నొప్పెడతన్నాయి వదులు మావా" అని ఆవిడ నవ్వేది. ఒకసారి నన్నూ నడిపించాడు. ఊరివైపు సగం దాటి సముద్రం వైపు సగం మీదికొచ్చేసరికి నా అరికాళ్ళు చురుక్కుమన్నాయి. ఎండ వల్ల కాదు.

నాలుగో ఏడు వానలు వెళ్ళాక కబురొచ్చింది. సముద్రం వైపు గచ్చు పగిలిపోతోందని. ఇద్దరం నా స్కూటరు మీదే వెళ్ళాం. వెనక కూర్చుని దారి పొడుగునా కదులుతూనే ఉన్నాడు. "పోగు అలా సెయ్యదు బావూ. ఎవుడో లారీ ఎక్కించుంటాడు. లేపోతే కింద మట్టి దిగుంటాది" అంటూ ఏదేదో చెబుతున్నాడు. నేను ఊఁ కొడుతున్నాను. అప్పుడైనా బండి ఆపి చెప్పొచ్చు. ఆపలేదు.

గచ్చు మీద గీత గీసినట్టు తిన్నగా పగుళ్ళు, పగుళ్ళ వెంట ఎర్రటి మరకలు. పేట జనమంతా మూగారు. మేస్త్రి గొంతుక్కూర్చుని లేచిన పెచ్చు ఒకటి లాగాడు. కింద తుప్పుపట్టిన ఊచ. గోటితో గీకి, ఆ పొడి నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపమైతే బాగుండేది.

"ఊసలు లేవన్నావు కదరా, మరి ఇయ్యేటి?" అన్నాడు పేట పెద్ద మేస్త్రితో.

నోరు తెరిచాను. ఇంట్లో మా ఆవిడ నెలలు నిండి ఉంది, సంతకం కాగితం కాంట్రాక్టరు బీరువాలో ఉంది, అవన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఈలోగా మేస్త్రి లేచి నిలబడ్డాడు. రెండు కాళ్ళ మీదా కుదురుగా నిలబడ్డాడు, నేనెప్పుడూ చూడలేదు అలా.

"నానే ఎట్టించాను" అన్నాడు. "ఆ రోజు జొరమూ కాదు, ఏటీ కాదు. ఊసలు లేకుండా నిలబడతాదో లేదోనని బయమేసినాది. ఇంజినీరు బావుకి కూడా సెప్పకుండా ఎట్టించేసాను."

భయం! ఆ మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు. అది నాది. నా భయాన్ని తీసి తన నెత్తిన వేసుకున్నాడు. జనం ఊరుకుంటారా? మంచి ఊచలు అమ్ముకుని తుప్పువి వేశాడన్నారు. ఊరివైపు సగం బాగుందంటే అందులో మంచి ఊచలున్నాయి కాబట్టేనని తేల్చేశారు. వల పోగుల మాటంతా కోతలేనన్నారు. సొంత పేటనే ముంచాడన్నారు. అతను మాత్రం ఇనుము కోసే బ్లేడు తెప్పించుకుని పైకొచ్చిన ఊచలన్నీ ఒక్కొక్కటిగా కోసి కుప్ప పోసి, అప్పుడు స్కూటరెక్కాడు.

"ఎందుకలా చెప్పావు మేస్త్రీ?" అని అడిగాను దారిలో.

"నీ ఉజ్జోగం పోతే పుట్టబోయే గుంటడికి ఏటెడతావు? నాకేటి, తాపీ ఎక్కడైనా తాపీయే." మళ్ళీ తనే అన్నాడు. "గానీ బావూ, వీలు సూసుకుని నువ్వే ఆళ్ళకి సెప్పీ. నా గురించి కాదు. పోగు మంచిదని తెలాలి కదా. మర్సిపోకేం."

"చెప్తాను" అన్నాను. ఒట్టేసినంత గట్టిగా అన్నాను.

ఆ తర్వాత అతను యార్డుకి రాలేదు. రెండేళ్ళకి కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర ఒక ఇంటి సెంట్రింగు మీద కనిపించాడు. ఇనుప ఊచలు కడుతున్నాడు! తల చుట్టూ తువ్వాలు, నోట్లో కట్టుతీగ ముక్క. నన్ను చూసి అక్కణ్ణించే కేకేశాడు.

"ఏటి బావూ, సెప్పావేటి?"

"ఇంకా లేదు మేస్త్రీ. ఈ నెల్లో వెళ్తాను."

"పర్లేదులే. గచ్చెక్కడికీ పారిపోదు కదా" అని నవ్వి మళ్ళీ వంగి తీగ మెలిపెట్టుకున్నాడు.

అంతే, ఇక ఆ జంక్షన్ వైపు వెళ్ళడం మానేశాను. ఎంత చుట్టైనా సరే వేరే దారిన పోయేవాణ్ణి. పనికిమాలిన వెధవని, ఐదేళ్ళు పెట్రోలు తగలేశాను గానీ పేట దాకా పోలేదు. ఇప్పుడు అతనే పోయాడు.

మొన్న ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. సముద్రం వైపు గచ్చు ఇసకలో రాళ్ళకుప్పలా పడి ఉంది. ఊరివైపు సగం మీద ఎప్పట్లాగే నెత్తళ్ళు ఆరుతున్నాయి. వాళ్ళావిడ వంగి చీపురుతో వాటిని తిరగేస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది. నిలబడే మొత్తం చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా. ఆవిడ తిరగేయడం ఆపలేదు.

"నాకెందుకు సెప్తన్నావు బావూ?" అంది. "జొరం కాదన్నాడు కదా ఆడు. ఆ రోజు ఒళ్ళు పెనంలా కాలిపోతంటే తడిగుడ్డ ఏసింది నానే. ఆడు అబద్దమాడతన్నాడని నాకు అప్పుడే తెలుసు. ఎవుడి కోసమో మాత్రం తెల్దు. ఇప్పుడు తెలిసినాది." చీపురెత్తి ఒడ్డు వైపు చూపించింది. "అదిగో, ఆడి మాట నమ్మినోల్లు అక్కడ కూసున్నారు. ఆళ్ళకి సెప్పు."

పడవ నీడన వలలు బాగుచేసుకుంటున్నారు నలుగురైదుగురు. పేట పెద్ద బాగా ముసలివాడైపోయాడు. మళ్ళీ మొదట్నించీ చెప్పాను. ఊచలు పెట్టింది నేను, అతను వద్దన్నా పెట్టాను, ఊరివైపు సగంలో ఊచ ముక్క కూడా లేదు. ముసలాయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత జాలిగా నవ్వాడు.

"సచ్చిపోయినోడి గురించి మంచి సెప్పడానికొచ్చావు, మంచిదే. గానీ ఊసలు లేకుండా ఇన్నేళ్ళు గచ్చు నిలబడతాదేటి బావూ? మాకా మాత్రం తెల్దా?"

ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు, నా మీద. ఇన్నేళ్ళు చెప్పడానికి భయపడ్డాను. చెబితే నమ్మరని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. "గునపం ఉందా?" అని అడిగాను. ఎవరో తెచ్చి ఇచ్చారు. గచ్చు దగ్గరికెళ్ళి, చేపలు పక్కకి నెట్టి, మూల మీద పొడిచాను. చెక్కు కూడా లేవలేదు. మళ్ళీ పొడిచాను. చొక్కా తడిసిపోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి. జనం చుట్టూ చేరారు. ఎన్నో దెబ్బకో గానీ బీట వారింది. గునపం దూర్చి పైకెత్తాను. మూల ముక్క లేచింది గానీ ఊడి రాలేదు. బీటలో అటూ ఇటూ పట్టుకుని ఆకుపచ్చ వల పోగులు, గుత్తులు గుత్తులుగా. ఊచ లేదు. ఎర్ర మరక లేదు.

ముసలాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బీటలోకి వేళ్ళు దూర్చి చాలాసేపు తడిమాడు. "ఓర్నాయనో, వలే" అన్నాడు. పక్కవాళ్ళని జరగమని, రెండో చెయ్యి కూడా దూర్చాడు.

ఆవిడ కుంటుకుంటూ వచ్చి, వేలాడుతున్న ఆ ముక్కని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపింది. ఊడలేదు. ఇంకోసారి ఊపింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మూల పాడుసేసేసావు. రేపొచ్చి బాగుసేసెల్లు బావూ" అంది. "కత్తిపీట నా కాడే ఉంది. ఈపాలి ఊసలెట్టకు."